అంగుళాలాయన, పక్కకు జరిగిన ఏరు

మా ఏటి ఒడ్డున ఒక రాతి స్తంభం ఉంది. మనిషి కంటే రెండు మూరలు ఎత్తు. దాని మీద అడుగడుగుకూ లావుపాటి నల్లగీత, అంగుళం అంగుళానికీ సన్నగీత. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి దాని దగ్గరికి వెళ్లి, నీళ్లు ఏ గీతను తాకుతున్నాయో చూసి సర్కారు పుస్తకంలో రాయాలి. అది ఒక మనిషి ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పని చేస్తున్నాయన్ని ఈ ఒడ్డున మా ఊరివాళ్లమూ, ఆ ఒడ్డున పల్లపు పేటవాళ్లూ అంగుళాలాయన అనే పిలుస్తాం. ఆయన జ్వరం వచ్చినా వెళ్లాడు. తన పెళ్లినాడు కూడా మధ్యలో లేచి వెళ్లి, కొలిచి, వచ్చి కూర్చున్నాడు.

ఆ ఉద్యోగం ఆయనకు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంపికకు వచ్చిన అధికారి ఒడ్డున కుర్చీ వేయించుకుని, వచ్చిన వాళ్లందరినీ ఒకటే ప్రశ్న అడిగాడట: "ఏట్లో నీళ్లు ఎంత లోతున్నాయి?" ఒకడు ఏనుగు మునుగుతుందన్నాడు. ఇంకొకడు తమరు ఎంతంటే అంత అన్నాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ల ఈయన మాత్రం "చూసొస్తానండీ" అని చెప్పులు విడిచి ఏట్లోకి దిగి, నడుం దాకా తడిసి వచ్చి, తడి ఆగిన చోట వేలు పెట్టి "ఇంతండీ" అన్నాడు. ఉద్యోగం ఆయనకే ఇచ్చారు. సర్కారు ఒక్కోసారి పొరపాటున మంచి పని కూడా చేస్తుంది.

ఈ ఉన్నది ఉన్నట్టు చెప్పే జబ్బు ఆయనకు అక్క అంటించింది. తల్లి పోయిన ఏడాది ఆయనకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. ఎత్తుకుని మోసింది, జమ్ము చాపలు అల్లి పెంచింది, అబద్ధం చెబితే ఆ పూట కంచం తిప్పి బోర్లించింది. పెద్దయ్యాక ఆవిడ పల్లపు పేటలో ఒక ఇంటిదయింది. బావకు నడివయసులో చూపు పోయింది. తన ఇంట్లో మాత్రం గోడలు, గడపలు, బావి గట్టు అన్నీ అలవాటే కాబట్టి చూపున్నవాడిలాగే తిరుగుతాడు. ఆ ఇల్లు దాటిస్తే ఆయనకు కాలు ఆడదు.

అంగుళాలాయన భార్య నోరున్న మనిషి, మనసు దానికంటే పెద్దది. ఒకసారి ఆవిడ అలిగి మూడు రోజులు మాట్లాడకపోతే ఈయన దగ్గరికి వెళ్లి, "ఎంత కోపంగా ఉన్నావు?" అని అడిగాడట.

"పోయి మీ స్తంభం పీక్కురండి, చూసి చెబుదురు గాని" అందట ఆవిడ.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఏరు పొంగింది. పొంగు తగ్గాక చూస్తే ఏరు తన చోట లేదు. నలభై గజాలు ఆవలికి జరిగి, పేట పక్కన కొత్త దారి చేసుకుని, ఏమీ ఎరగనట్టు పారుతోంది. స్తంభం ఇవతల ఇసుకలో ఒంటరిగా నిలబడిపోయింది. మేకలు దానికి వీపులు రుద్దుకోవడం మొదలుపెట్టాయి.

అంగుళాలాయన మర్నాడు ఆరింటికి యథాప్రకారం వెళ్లాడు. మేకను అదిలించాడు. వంగి చూశాడు. నీళ్లు లేవు. పుస్తకం తెరిచి "సున్న అడుగులు, సున్న అంగుళాలు" అని రాశాడు. వెనక ఏరు గలగలా పారుతూనే ఉంది. స్తంభం మీద నీరు రాయమన్నారు గాని, ఏట్లో నీరు రాయమనలేదు కదా.

అయినా ఊరుకోకుండా పైఆఫీసుకు ఉత్తరం రాశాడు: ఏరు పక్కకు జరిగినది, స్తంభమును కూడా జరుపవలెను. మూడు నెలలకు జవాబు వచ్చింది. స్తంభం పటంలో ఉన్న చోటనే ఉన్నదనీ, కావున స్తంభం వైపు లోపమేమీ లేదనీ, ఏటిని యథాస్థానానికి తెచ్చే విషయం ఈ కార్యాలయం పరిధిలోకి రాదనీ దాని సారాంశం. రెండో ఉత్తరానికి జవాబు రాలేదు. దాని బదులు అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఒకటి వచ్చింది. రెండేళ్లుగా ఈ స్తంభం దగ్గర ఒక్క వరద కూడా నమోదు కానందుకు ఆఫీసు ఎంతో సంతోషించింది. ఇంట్లో నీళ్ల బిందెకు మూత లేక ఇబ్బంది పడుతున్న ఇల్లాలు కూడా సంతోషించింది. కొలత సరిగ్గా సరిపోయింది.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతే, పడవ గొడవ లేకపోతే.

పేటవాళ్లకు దుకాణం, బడి, వైద్యం అన్నీ మా ఒడ్డునే. వెనకటికి ఎవరి తెప్ప వాళ్లకు ఉండేది. ప్రాణాలకు ప్రమాదమని ఆఫీసు తెప్పలన్నీ విప్పించేసి, ఒక మంచి పడవ ఇచ్చింది, నడపడానికి ఒక మనిషిని పెట్టింది. పడవతో పాటు ఒక నిబంధన కూడా ఇచ్చింది. స్తంభం మీద నీళ్లు రెండడుగులు ఉంటేనే పడవ తియ్యాలి. అంతకంటే తక్కువైతే జనం నడిచి దాటగలరు కాబట్టి సర్కారు సొత్తును అరగదియ్యకూడదు. పడవ పుస్తకం, స్తంభం పుస్తకం నెలనెలా పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. స్తంభం మీద సున్న పడిన రోజు నుంచి పడవకు గొలుసు పడింది. కొత్త దారిలో ఏరు మాత్రం వేసవిలో మోకాలి లోతు, వానలు పడితే రొమ్ము లోతు.

పడవ మనిషిని అందరూ సరంగు అంటారు. కండలు తిరిగిన మనిషి, జాలిగుండె. పడవకు తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని, ఆ పడవ పక్కనుంచే జనాన్ని వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించేవాడు. ముసలివాళ్లను, పుస్తకాల సంచులతో పిల్లలను, ఒకసారి దూడను కూడా. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. "ఊరికే జీతం తింటే దేవుడు ఒప్పుకోడు, పడవ తీస్తే ఆఫీసు ఒప్పుకోదు. మధ్యలో నా వీపుంది" అనేవాడు.

ఈ ఏడు వానలు మొదలైన వారానికి అక్క జమ్ము కోస్తూ కొడవలి జారి పిక్క మీద తెగ్గోసుకుంది. ఆకు పసరు అద్ది చాపలకు కూర్చుంది. పది రోజులకు పుండై, కాలు పొయ్యిలో కట్టెలా కాగడం మొదలుపెట్టింది. అప్పుడు సరంగు వీపు మీద మా ఒడ్డుకు వచ్చింది.

మా ఒడ్డున వైద్యమంటే ఒకే గది. ఒక బల్ల, ఒక బీరువా, ఒక నర్సమ్మ. ఆ అమ్మాయి కట్టు విప్పి చూసి, మొహం మామూలుగానే పెట్టుకుని, పుండు కడిగి కట్టు కట్టింది. ఆ తరువాత అంగుళాలాయన్ని గుమ్మం బయటికి పిలిచింది.

"మూడు రోజులకొకసారి కట్టు మార్చాలి బాబాయ్. దీనికి ఏటి నీళ్లు మాత్రం తగలకూడదు. ఇంకో రెండుసార్లు తడిసిందంటే నా చేతుల్లో ఉండదు. పట్నం పంపాలి. అక్కడ కాలు తీసేస్తారు."

సరంగు వీపు మీద ఎవరెక్కినా కాళ్లు కిందికి వేలాడక తప్పదు, రొమ్ము లోతు నీళ్లలో ఆ కాళ్లు తడవక తప్పదు. ప్లాస్టిక్ సంచి చుట్టి చూశారు, మధ్యలో ఊడిపోయి ఏటిపాలైంది. నలుగురు మంచం మీద పెట్టి మోసి చూశారు. ఒకడికి కాలు జారింది, మంచం ఒరిగింది, కట్టు తడిసింది. నర్సమ్మ తానే బయలుదేరింది. మందుల సంచి నెత్తిన పెట్టుకుని సరంగు వీపెక్కి సగం దూరం బాగానే వెళ్లింది. తుమ్ము వచ్చింది. మందుల సంచి పేటకు చేరకుండా ఏటి వెంట వెళ్లిపోయింది. "బీరువాలో ఇక మిగిలింది సగం నెలకే బాబాయ్, దాన్ని కూడా ఏట్లో పారేస్తే అందరికీ ఇబ్బంది" అని తల తుడుచుకుంటూ అంది పాపం.

అక్కను తమ ఇంట్లో ఉండమని మరదలు బతిమాలింది.

"మా ఇంట్లో ఉండు వదినా, నెల రోజులు నాకు పోట్లాడుకోవడానికి తోడుంటావు."

"మీ అన్నయ్యగారిని ఎవరు చూస్తారమ్మాయ్? తీసుకొస్తే నీ గోడలన్నీ గుద్దుకుంటారు."

రెండు ఒడ్లలోనూ అందరికీ తోచిన మార్గం ఒకటే. సరంగే నోరు తెరిచి అడిగాడు.

"అన్నా, ఒక్క ముక్క. రెండడుగులు అని రాయి. ఆ పుస్తకం చూసి నేను తాళం తీస్తా. ఎవడొచ్చి చూస్తాడు ఇక్కడ?"

"అక్కడ నీళ్లు లేవుగా తమ్ముడూ."

"ఏట్లో ఉన్నాయిగా!"

"నేను రాసేది స్తంభం సంగతి."

"మీ అక్క కాలన్నా! స్తంభానికి కాళ్లు లేవు, ఉంటే అది కూడా నడిచొచ్చి నీకు సాక్ష్యం చెప్పేది!"

ఆ సాయంత్రం అంగుళాలాయన స్తంభం దగ్గర మామూలు కంటే చాలాసేపు వంగి ఉన్నాడు. ఒక్క తడి చుక్క కనబడినా రాద్దామని చూశాడేమో. చివరికి సున్నలే రాశాడు. రాస్తుంటే ఒక సున్న కోడిగుడ్డులా పొడుగయింది.

మర్నాడు పొద్దున పల్లపు పేట ఆడవాళ్లు ఒక పని చేశారు. తెల్లవారకముందే బిందెలతో ఏరు దాటి వచ్చి, స్తంభం మొదట్లో నీళ్లు పోయడం మొదలుపెట్టారు. నలభై బిందెలు పోశారు. ఇసుక అన్నిటినీ తాగేసి ఇంకా అన్నట్టు చూసింది. ఆరింటికి అంగుళాలాయన వచ్చేసరికి అందరూ చీరలు తడిసి, రొప్పుతూ, ఆశగా నిలబడి ఉన్నారు. ఆయన వంగి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తడిసిందమ్మా. కాని నిలవలేదు. తడి రాయడానికి గడి లేదు."

"ఏం మనిషివయ్యా!" అని ఒకావిడ బిందె చంకనెత్తుకుని గింగిరాలు తిరిగింది. "నీ అక్క కాలికంటే నీ గడి ఎక్కువా?"

అదే మాట అక్క చెవిన పడింది. ఆ మధ్యాహ్నం తమ్ముడు ఏరు ఈది వెళ్లి గుమ్మంలో తడిబట్టలతో కూర్చుంటే, ఆవిడ చాప అల్లుతూనే మొదలుపెట్టింది.

"ఏరా, ఊరంతా నిన్ను తిడుతోందట?"

"అవునక్కా. నువ్వు కూడా రాయమంటే రాస్తాను."

అక్క చేతిలో జమ్ము ఆగింది. "రాసిన చేత్తో నా ఇంట్లో కంచం ముట్టుకుంటావా? కాలు పోతే పోయింది. నిన్ను పెంచింది రెండు కాళ్లతో కాదు, ఒక్క నోటితో."

మంచం మీద బావ నవ్వాడు గాని, ఆ నవ్వు పూర్తి కాలేదు.

కాసేపటికి అక్క మళ్లీ తమ్ముణ్ణి పురమాయించింది. "కూర్చున్నవాడివి ఊరికే కూర్చోకు. గుంటలో జమ్ము నానిందేమో చూసిరా. నేను లేవలేను."

జమ్ము నానబెట్టడానికి పేటలో ప్రతి ఇంటికీ ఒక గుంట ఉంటుంది. ఏటి నుంచి గుంట దాకా జానెడు వెడల్పు కాలవ తవ్వుకుంటారు. నీళ్లు మోసే పని లేకుండా ఏరే వచ్చి నింపిపోతుంది. అంగుళాలాయన వెళ్లి, నిన్నటిలాగే అలవాటు చొప్పున గుంటలో పుల్ల పెట్టి చూసి, కేకేసి అడిగాడు.

"అక్కా, నిన్నటికీ ఇవాళ్టికీ నాలుగంగుళాలు పెరిగిందేంటి?"

"ఏరు పెరిగింది కాబట్టి. ఏరెంతుంటే గుంటంత. అది కూడా తెలీదా? ముప్పై ఏళ్లు ఏం కొలిచావురా?"

అంగుళాలాయన పుల్ల పట్టుకునే ఇంట్లోకి పరిగెత్తి వచ్చి, అక్క నారతాడు ఒకటి లాక్కుని, మాట చెప్పకుండా మళ్లీ పరిగెత్తాడు. ఏటి అంచున ఒక కర్ర, గుంటలో ఒక కర్ర పాతాడు. రెండింటికీ ఒకే మట్టంలో తాడు బిగించి, తాటి మీంచి రెండు చోట్లా నీళ్ల దాకా కొలిచాడు. ఆ సాయంత్రం కొలిచాడు, మర్నాడు రెండు పూటలా కొలిచాడు. వాన పడ్డప్పుడూ, వెలిసినప్పుడూ. అక్క చెప్పింది అంగుళం తేడా లేదు. పేటలో చాపలు అల్లేవాళ్లకు తాతల నాటి నుంచి తెలిసిన సంగతి, కొలవడమే ఉద్యోగమైన మనిషికి ఆనాడు తెలిసింది.

మర్నాడు పొద్దున స్తంభం దగ్గర సున్నలు రాసి, తిన్నగా సరంగు దగ్గరికి వెళ్లాడు.

"తమ్ముడూ, నిబంధనల కాగితం నీ దగ్గరుందా?"

ఇద్దరూ మెట్టు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివారు. స్తంభమును కదల్చరాదు. స్తంభమునకు రంగు వేయరాదు. స్తంభమునకు పశువులను కట్టరాదు. వెనక్కి తిప్పి చూశారు. స్తంభం దగ్గరికి నీళ్లు రాకూడదని ఎక్కడా లేదు.

"వాళ్లకు తట్టలేదన్నా" అన్నాడు సరంగు భక్తిగా. "దేవుడి దయ."

ఆ పూటే గునపాలు కదిలాయి. ఏటి అంచు నుంచి స్తంభం దాకా నలభై గజాలు. మా ఊరివాళ్లు ఇటునుంచి, పేటవాళ్లు అటునుంచి. బిందెలు మోసిన ఆడవాళ్లే తట్టలు ఎత్తారు. బడి పంతులు పిల్లలకు సెలవిచ్చి తాను కూడా పంచె ఎగ్గట్టాడు. గింగిరాలు తిరిగినావిడ ఇద్దరి పని ఒక్కతే చేసింది. పక్కలు విరిగిపడకుండా కాలవ పొడుగునా జమ్ము చాపలు పరిచారు. అవన్నీ అక్క ఇంట్లోంచి వచ్చినవే. స్తంభం మొదట్లో మేట వేసిన ఇసుకంతా తీసి, సున్న గీత బయటపడే దాకా చుట్టూ గుంట చేశారు. మర్నాటి మధ్యాహ్నానికి పని అయింది. ఏటివైపు కట్ట తెగ్గొట్టగానే నీళ్లు బుడబుడమంటూ వచ్చి స్తంభాన్ని చుట్టుకున్నాయి. జనం కేకలు పెట్టారు. అంగుళాలాయన మాత్రం చూడనన్నాడు. ఆరింటికి గాని ఆయనకు స్తంభంతో పని లేదు. ఆ సాయంత్రం ఆరింటికి చూసి అడుగున్నర అని రాశాడు, నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

అక్క కట్టు మార్చాల్సిన రోజు ఆ మర్నాడే. పొద్దున ఆరింటికి రెండు ఒడ్లూ నిండిపోయాయి. అవతల ఒడ్డున అక్క కాలు చాపుకుని పీట మీద కూర్చుంది. సరంగు తాళంచెవి చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అంగుళాలాయన వంగాడు. ఎక్కువసేపు పట్టలేదు.

"ఒక అడుగు పదకొండు అంగుళాలు."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

"ఒక్క అంగుళమన్నా!"

"ఇంకాస్త వంగి చూడండి, కంటికి ఎక్కువ కనిపిస్తుంది."

"గాలికి అల వచ్చినప్పుడు చూడవయ్యా!"

ఆయన భార్య ముందుకొచ్చి అందరినీ గదమాయించింది. "ఆయన్ని వదలండి! ఆ అంగుళం ఆయన దాచుకున్నాడా?" మొగుణ్ణి ఇంకొకరు తిడితే ఆవిడ ఊరుకోదు. ఆ పని తనదే.

ఆయన రాసేశాడు. రాసి, పుస్తకం మూసి, కాలవ వెంబడి ఏటి దాకా నడిచాడు. కాలవ మొదట్లోనే జమ్ము దుబ్బు ఒకటి కొట్టుకొచ్చి అడ్డం పడి ఉంది. పీకి పారేశాడు. నీళ్లు బుస్సుమని లోపలికి వచ్చాయి. వెనక్కి వచ్చి చూసేసరికి నల్లగీత తడిసి ఉంది.

"అదిగో!" అన్నాడు సరంగు. "కొట్టెయ్, మళ్లీ రాయి."

"ఆరు దాటింది తమ్ముడూ. ఆరున్నరకి గడి లేదు."

ఆ రోజు పగలు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. ఆయన కాలవ గట్టున కూర్చుని, కొట్టుకొచ్చిన ప్రతి గడ్డిపరకా తీసి పారేస్తూ దేవుణ్ణి తలుచుకున్నాడు. నర్సమ్మ మధ్యాహ్నం ఒకసారి వచ్చి, ఆయన పక్కన ఒక చెంబు మంచినీళ్లు పెట్టి, "నేను ఎనిమిదింటి దాకా గది మూయను బాబాయ్" అని చెప్పి వెళ్లింది. రోజూ ఐదుకే మూసే గది అది.

సాయంత్రం ఆరు. వంగాడు.

"రెండడుగులు." ఇంకా చూశాడు. "పైన అర అంగుళం కూడా ఉంది గాని, దానికి గడి లేదు."

ఆ చివరి మాట ఎవరికీ వినబడలేదు. సరంగు అప్పటికే గొలుసు విప్పేశాడు.

రెండేళ్లు ఎండకు ఎండిన పడవ ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. చెక్కలు పగుళ్లిచ్చి ఉన్నాయి. అవతలికి వెళ్లి అక్కను ఎక్కించుకుని బయలుదేరగానే నాలుగు వైపులా నీళ్లు ఉబకడం మొదలైంది. సరంగు గడ వేస్తుంటే, ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో తోడిపోస్తున్నారు. అంగుళాలాయన అక్క కాలు తీసి తన భుజం మీద పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఒరేయ్, నడుం పట్టేసిందిరా! కాలు మరీ అంత ఎత్తుకు లాగకు!"

"పడవలో నాలుగంగుళాలు నీళ్లున్నాయక్కా."

"ఎవడడిగాడురా నిన్ను!"

కాలు పొడిగానే ఒడ్డు చేరింది. నర్సమ్మ దీపం దగ్గరికి జరిపి కట్టు విప్పి చూసింది, దూదితో ఒత్తి చూసింది. ఈసారి గుమ్మం బయటికి ఎవరినీ పిలవలేదు. అందరి ముందే, "పొడిగా ఉంది పెద్దమ్మా" అంది.

నెల తిరిగేసరికి పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండేళ్లుగా వరద లేని స్తంభం వద్ద అకస్మాత్తుగా నీరు ఎందుకు వచ్చినదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. అంగుళాలాయన ఉన్నది ఉన్నట్టు రాశాడు: అక్కడ ఏరు ఉన్నందువల్ల. దానికి జవాబు ఇంకా రాలేదు.

సరంగు పగుళ్లకు నార కుక్కి తారు పూశాడు. పదకొండు సార్లు పడవ దాటాక నర్సమ్మ కట్టు విప్పేసి, ఇక కట్టక్కర్లేదంది. పుండు మీద గులాబి రంగు కొత్త చర్మం వచ్చింది. అక్క బల్ల మీద అలాగే కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అంతవరకు ఎవరూ చూడని విధంగా ఏడ్చింది. కాలు తీసేస్తారన్న మాట ఆవిడ ఇన్నాళ్లూ మొగుడికి చెప్పలేదట.

ఆ పూట పడవ దిగి, తమ్ముడి చెయ్యి వదిలించుకుని, పేట వీధిలో తానే నడిచింది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే మొహం అటు తిప్పి, చెవి ఒగ్గి, చప్పుడు ఆగేదాకా విన్నాడు.

"రెండూ వచ్చాయా?" అన్నాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజు తమ్ముడితో నువ్వన్నది విన్నాగా. నెల రోజులుగా రోజూ పొద్దున్నే లేచి దేవుణ్ణి అడుగుతున్నా."

"వచ్చాయి లెండి. జరగండి, కూర్చోవాలి."

బావ జరిగాడు.